పంటకో తేదీ, కంతుకో తేదీ

అనంతపురం మెట్టలో పిల్లల్ని ఒంటిచేత్తో సాకుతున్న తల్లికి ఏడాదిలోకెల్లా గడ్డు నెల జూన్. తొలకరి పడితే విత్తనకాయలు తేవాలి, దుక్కి దున్నించాలి, ట్రాక్టరు బాడుగ ఇవ్వాలి. అదే నెల రెండో వారంలో బడులు తెరుస్తారు. పుస్తకాలు, చెప్పులు, సంచి, ప్రైవేటు బడైతే ఫీజు మొదటి విడత. కిందటేడు చెనక్కాయలు అమ్మిన డబ్బు సంక్రాంతి దాటేసరికే కరిగిపోయి ఉంటుంది. ఎండాకాలంలో చేసిన కరువు పని (ఉపాధి హామీ) కూలి కొంత ఖాతాలో పడి ఉంటుంది, కొంత పడాల్సి ఉంటుంది. చేతిలో డబ్బు అడుగంటి, ఖర్చు నెత్తిమీదికొచ్చిన ఆ నెలలోనే డ్వాక్రా కంతు, బంగారు లోను వడ్డీ, ఫైనాన్సు వాళ్ల వాయిదా, పట్నంలో చిన్న ఉద్యోగం చేసే తల్లికైతే క్రెడిట్ కార్డు బిల్లు, అన్నీ తమ తేదీకి తాము వచ్చి నిలబడతాయి. నవంబరులో కాయలు అమ్ముడుపోయి నాలుగు నోట్లు కళ్లజూసినప్పుడు కూడా ఆ కంతు అంతే ఉంటుంది, పైసా ఎక్కువ అడగదు. జూన్‌లో మాత్రం పైసా తగ్గదు.

ఈ కథనంలో చెప్పదలచింది ఒక్కటే. ఇక్కడి ఒంటరి తల్లుల అప్పు ముదరడానికి మొదటి కారణం రాబడి వచ్చే తేదీకీ కంతు కట్టే తేదీకీ పొత్తు కుదరకపోవడం. దుబారా, లెక్క తెలియకపోవడం, కార్డు మోజు లాంటివి ఆ తర్వాత మాట్లాడుకోవాల్సినవి. మనం మాత్రం వాటినే ముందు పెట్టి, ఆమెకు పొదుపు పాఠాలు చెప్పి పంపిస్తున్నాం. అప్పు రాసే కాగితంలో తేదీ మార్చకుండా ఆమె నడవడిక మార్చాలని చూస్తే ఆమె తినే తిండి, పిల్లల చదువు కోసుకుపోతాయే తప్ప అప్పు తగ్గదు.

నేల సంగతి ముందు చూడాలి. పడమటి కనుమల వెనక వానచాటున ఉన్న ఈ పీఠభూమి మీద ఏడాదంతా కలిపి కురిసేది సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. దేశంలో వాన తక్కువ పడే జిల్లాల్లో మనదీ ఒకటని బడిపిల్లలకు కూడా తెలుసు. ఆ వాన కూడా ఎప్పుడు పడుతుందో తెలియదు. ఊడ దిగే వేళ పడకుండా, కాయ పీకే వేళ పడి పంటను కుళ్లబెట్టిన ఏళ్లు ఎన్నో. 2022 ఏప్రిల్‌లో జిల్లా రెండుగా చీలి పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా వచ్చినా ఆకాశం చీలలేదు, రెండుచోట్లా అదే మెట్ట సేద్యం. దేశమంతటికీ ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో మొదలుపెట్టడానికి కారణం కూడా ఈ కరువే. అప్పు మాటకొస్తే, 2019లో జాతీయ గణాంక కార్యాలయం రైతు కుటుంబాల స్థితిగతులపై చేసిన సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో వ్యవసాయ కుటుంబం మీద ఉన్న సగటు అప్పు 2,45,554 రూపాయలు. దేశంలో అదే అత్యధికం. దేశ సగటు 74,121 మాత్రమే. అప్పటికి రాష్ట్రంలో నూటికి 93 వ్యవసాయ కుటుంబాలు అప్పుల్లోనే ఉండేవి. అదే సర్వే ప్రకారం మన రైతు కుటుంబం నెలసరి రాబడి 10,480 రూపాయలు. అంటే తినకుండా, తాగకుండా, వడ్డీ కూడా లేకుండా కట్టినా ఆ అప్పు తీరడానికి దాదాపు రెండేళ్లు పడుతుంది. ఇవి రాష్ట్రమంతటి లెక్కలు, కృష్ణా కాలువ కింది పొలాలు కూడా అందులోనే కలిసి ఉన్నాయి.

ఇంట్లో పెద్దదిక్కు ఇద్దరుంటే ఈ కరువును తట్టుకునే ఉపాయం ఒకటుంది. ఒకరు బెంగళూరుకు బేల్దారి పనికి పోయి వారం వారం డబ్బు పంపిస్తే, ఇంకొకరు ఇల్లూ గొడ్డూ చేనూ చూసుకుంటారు. చేను ఎండినా వారం కూలి వస్తుంది, కూలి ఆగినా పాడి ఉంటుంది. వేర్వేరు తేదీలకు వచ్చే రెండు రాబళ్లే ఆ ఇంటికి అసలైన బీమా. భర్త పోయినా, వదిలేసినా, గల్ఫుకు పోయి జాడ లేకపోయినా ఆ రెండింటిలో ఒకటి పూర్తిగా తెగిపోతుంది. మిగిలినది కూడా నిలకడగా ఉండదు. పిల్లకు జ్వరమొస్తే ఆ రోజు కూలి పోతుంది, ఆసుపత్రి ఖర్చు పైన పడుతుంది. పిల్లల్ని వదిలి ఆమె బెంగళూరుకు పోలేదు. పోతే బడి మాన్పించి వెంట తీసుకుపోవాలి. పొలం పనిలో మగవాళ్లకు ఇచ్చే కూలి ఆడవాళ్లకు ఇవ్వరు. ఖర్చు సగం కాదు, రాబడి మాత్రం సగం కంటే కిందికి పోతుంది. తల్లి లేని పిల్లల్ని సాకే తండ్రికీ ఈ కష్టాలు చాలావరకు ఉంటాయి గానీ, పొలం పాస్‌బుక్కు ఆయన పేరు మీద ఉంటుంది. ఆ ఒక్క తేడా ఎంత పెద్దదో ముందు ముందు చూద్దాం.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. వితంతు పింఛను 2024 జులై నుంచి నెలకు 4,000 రూపాయలు. కరువు పని కూలి 2025-26కు రోజుకు 307 రూపాయలు. నూరు రోజులూ పని దొరికి, పూర్తి కూలి పడిందనుకుంటే ఏడాదికి 30,700. రెండూ కలిపితే 78,700 రూపాయలు, నెలకు సగటున 6,558. మైక్రోఫైనాన్స్ రుణాలపై రిజర్వు బ్యాంకు 2022 మార్చిలో ఇచ్చిన ఆదేశాలు ఏడాదికి 3 లక్షల లోపు రాబడి ఉన్న కుటుంబాలకు వర్తిస్తాయి. వాటి ప్రకారం ఆ కుటుంబం అన్ని అప్పులకూ కలిపి కట్టే కంతులు నెల రాబడిలో సగం దాటకూడదు. మంచి నిబంధనే. దాని ప్రకారం ఈమె మీద నెలకు 3,279 రూపాయల కంతు వేయవచ్చు. కరువు పని దొరికిన ఏప్రిల్‌లో, మేలో అది ఎలాగో కట్టగలదు. పని లేని నెలలో చేతికొచ్చేది పింఛను 4,000 ఒక్కటే. అందులోంచి 3,279 పోతే మిగిలేది 721 రూపాయలు. రేషను బియ్యం ఉన్నా సరే, ఆ 721తో ఉప్పూ పప్పూ కరెంటు బిల్లూ పిల్లల పుస్తకాలూ వెళ్లదీయాలి. నిబంధన ఎక్కడా తప్పలేదు, అప్పు ఇచ్చినవాళ్లూ మోసం చేయలేదు. సగటు అనే లెక్కలో జూన్ కనబడకుండా పోయింది, అంతే. ఆ నెల ఆమె ఇంకోచోట చేబదులు తేవాల్సిందే. దానికి వడ్డీ ఎంతని అడిగే ఓపిక అప్పుడు ఉండదు.

క్రెడిట్ కార్డు ఈ లోటులోకే వస్తుంది. అనంతపురం, హిందూపురం, ధర్మవరం పట్టణాల్లో ఆసుపత్రుల్లో, బడుల్లో, ఫ్యాక్టరీల్లో, అవుట్‌సోర్సింగ్ కొలువుల్లో పనిచేసే తల్లులకు జీతం ఖాతాతో పాటు కార్డు కూడా చేతికొస్తోంది. మన ఊళ్లలో వడ్డీని నూటికి నెలకు ఎన్ని రూపాయలని లెక్కేస్తారు. రెండు రూపాయల వడ్డీ మామూలు, మూడు రూపాయలంటే వెనకా ముందూ ఆలోచిస్తారు, ఐదు రూపాయలంటే దండం పెట్టి లేచిపోతారు. కార్డు బాకీని ఆ కొలతతో చూడాలి. చాలా కార్డుల మీద నెలకు మూడున్నర రూపాయల దాకా వడ్డీ ఉంటుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ అదనం. 40,000 బాకీ ఉంటే నెల వడ్డీ 1,400, పన్ను 252, మొత్తం 1,652. నూటికి నాలుగు రూపాయల పైమాటే. బిల్లులో కనీసం ఇంత కట్టండని చూపించే మొత్తం ఐదు శాతం అనుకుంటే 2,000. అది కట్టాక అసలులో తగ్గేది 348 రూపాయలు. పైగా బాకీ మిగిల్చిన నెల నుంచి కొత్తగా కొన్న సరుకుకు కూడా వడ్డీ లేని గడువు పోతుంది, కొన్న రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. కార్డు వడ్డీ ఏడాదికి 30 శాతం దాటితే అది అన్యాయ వ్యాపార పద్ధతేనని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పింది. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ఇక పై పరిమితి అంటూ ఏదీ లేదు. నెలనెలా బిల్లు మొత్తం కట్టగలిగిన ఇంటికి కార్డు పనికొస్తుంది. జీతం రెండు నెలలు ఆలస్యమయ్యే అవుట్‌సోర్సింగ్ ఉద్యోగికి అది సావుకారు కంటే ఖరీదైన అప్పు. సావుకారు కనీసం కాయలు అమ్మేదాకా ఆగుతాడు.

ఆగుతాడన్న ఆ మాటలోనే చాలా సంగతి ఉంది. రాయలసీమ పల్లెల్లో ప్రైవేటు అప్పు, బంగారం కుదువ పెట్టడం ఇంతగా పాతుకుపోవడానికి జనం తెలివితక్కువతనం కారణం కాదు. బంగారు లోనులో నెలనెలా కంతు లేకుండా ఏడాది చివర అసలూ వడ్డీ ఒక్కసారే కట్టే పద్ధతి ఉంది. పంట ఏడాదికొకసారి వచ్చే ఇంటికి అది సరిగ్గా అతుకుతుంది. బ్యాంకులో అయితే వడ్డీ కూడా కార్డు వడ్డీలో నాలుగో వంతుకు అటూ ఇటూ. పెట్టెలో నాలుగు తులాలు ఉండీ, కార్డు బాకీకి నెలకు 1,652 ధారపోస్తున్న తల్లి ఆ బంగారాన్ని ఫైనాన్సు కంపెనీలో కాక బ్యాంకులో పెట్టి కార్డు మూయించడం మంచి లెక్కే. చిక్కెక్కడంటే, పంట పోయిన ఏడు వడ్డీ మాత్రం కట్టి తిరగరాయించుకోవాలి, రెండో ఏడూ పోతే వేలం నోటీసు వస్తుంది. బంగారు లోనుకు తేదీ కుదిరింది గానీ, కరువును పంచుకునే గుణం దానికి లేదు.

ఆ గుణం ఉన్న అప్పు ఒకటి మన బ్యాంకుల్లో ఎప్పటినుంచో ఉంది. అదే పంట రుణం. 1998లో వచ్చిన కిసాన్ క్రెడిట్ కార్డు మీద తీసుకున్న అప్పుకు గడువు పంట చేతికొచ్చే కాలాన్ని బట్టి పెడతారు. సకాలంలో కడితే రాయితీ పోను ఏడాదికి నాలుగు శాతం వడ్డీ. మండలాన్ని కరువు మండలంగా ప్రకటించి, పంట 33 శాతం, ఆపైన పోతే ఆ అప్పును దీర్ఘకాలిక రుణంగా మార్చి, మొదటి ఏడాది వసూలు ఆపే ఏర్పాటు రిజర్వు బ్యాంకు నిబంధనల్లోనే ఉంది. 2023 ఖరీఫ్‌లో రాష్ట్రంలో 103 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించారు, వాటిలో ఈ రెండు జిల్లాల మండలాలు చాలా ఉన్నాయి. అంటే వాన పడకపోతే కంతు ఆపాలన్న తెలివిడి బ్యాంకులకు ఉంది. అయితే అది పాస్‌బుక్కు ఎవరి పేరు మీద ఉంటే వాళ్లకే. భర్త పోయి మూడేళ్లయినా పొలం మామ పేరునో, చనిపోయిన మనిషి పేరునో ఉండిపోయిన ఇళ్లు ఊరికి నాలుగైనా కనబడతాయి. కౌలుకు చేసుకునేవాళ్లకు 2019 చట్టం కింద పంట సాగుదారు హక్కు పత్రం ఇవ్వాలంటే భూయజమాని ఒప్పుకోవాలి. అలా ఆమె చేసేది వ్యవసాయమే అయినా తెచ్చేది వ్యవసాయ రుణం కాదు. అదే కరువు మండలంలో, అదే ఎండిన చేను గట్టున పక్కింటి రైతు కంతు ఆగుతుంది, ఈమె డ్వాక్రా కంతు ఆగదు.

ఇక భర్త చేసిన అప్పు. ఈ ప్రాంతంలో రైతు ఆత్మహత్యల తర్వాత ఇళ్ల ముందుకొచ్చిన ప్రోనోట్ల సంగతి అందరికీ తెలిసిందే. చట్టం ఏం చెబుతుందో మాత్రం ఆ ఇళ్లకు ఎవరూ చెప్పలేదు. చనిపోయిన మనిషి అప్పుకు వారసులు, ఆయన నుంచి వాళ్లకు వచ్చిన ఆస్తి మేరకే బాధ్యులని సివిల్ ప్రొసీజర్ కోడ్ 50వ సెక్షను అంటుంది. భార్య సొంత కూలి, పుట్టింటివారు పెట్టిన బంగారం జోలికి ఎవరూ రాకూడదు. తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మమన్న పాత సూత్రాన్ని కూడా 2005 హిందూ వారసత్వ సవరణ చట్టం తీసేసింది. భర్త పేరు మీది క్రెడిట్ కార్డుకూ ఇదే వర్తిస్తుంది. ఆమె హామీ సంతకం పెట్టి ఉంటే మాత్రం సంగతి వేరు, అప్పుడు ఆమె కూడా పూర్తిగా బాధ్యురాలే. 2004లో వచ్చిన జీవో 421 ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్ష రూపాయలతో పాటు, అప్పులవాళ్లను కూర్చోబెట్టి ఒక్కసారిగా తెంపడానికి ఇంకో 50,000 విడిగా కేటాయించింది. తర్వాత పరిహారం పెరుగుతూ 2019లో 7 లక్షలకు చేరింది. మొత్తం పెరగడం కంటే, అప్పులవాళ్లతో మాట్లాడి తెంపే బాధ్యత ప్రభుత్వానిదని ఒప్పుకున్న ఆ పాత ఆలోచనే గొప్పదని నా అభిప్రాయం. జబ్బుతో పోయిన రైతు భార్యకూ, భర్త వదిలేసిన ఆమెకూ అది ఎందుకు వర్తించకూడదో నాకు అర్థం కాదు. ఆడవాళ్లకు రాబడితో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 న్యాయసేవల చట్టం చెబుతోంది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థ గడప తొక్కితే చాలు.

దీనికి ఎదురు వాదన ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. అందరికీ కష్టాలున్నాయి, కొందరు జాగ్రత్తగా నెట్టుకొస్తున్నారు కదా, అప్పుల్లో మునిగేవాళ్లది అజాగ్రత్తే కదా అంటారు. తమిళనాడులో 464 మంది చెరకు రైతులను పంటకు ముందూ తర్వాతా పరీక్షించిన ఒక అధ్యయనం 2013లో సైన్స్ పత్రికలో వచ్చింది. అదే మనిషి, చేతిలో డబ్బు లేని రోజుల్లో బుద్ధికి పనిపెట్టే పరీక్షల్లో వెనకబడ్డాడు, పంట డబ్బు వచ్చాక మెరుగయ్యాడు. మనిషి మారలేదు, తేదీ మారింది. అజాగ్రత్త అని మనం పేరు పెట్టేదానిలో ఎంతో భాగం గడ్డు నెల తెచ్చిన అలసట. జూన్‌లో సంతకం పెట్టిన అప్పును నవంబరులో అదే మనిషి ఒప్పుకోదు.

అప్పు ఇచ్చేవాళ్ల అభ్యంతరం ఇంకా బరువైనది. కంతు సడలిస్తే ఎగవేత పెరుగుతుంది, ఎగవేత పెరిగితే అప్పే పుట్టదు అంటారు. 2010ని చూపిస్తారు. వారం వారం కంతు వేధింపులు, ఆత్మహత్యల నేపథ్యంలో ఆ అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన ఆర్డినెన్సుతో మైక్రోఫైనాన్స్ వసూళ్లు కుప్పకూలాయి, సంస్థలు చాలావరకు తప్పుకున్నాయి. ఆ ఖాళీని కొంతవరకు ప్రైవేటు వడ్డీలు నింపాయన్నది నిజం. అందుకే వసూలు ఆపడమూ, తేదీ మార్చడమూ ఒకటి కాదని గుర్తుంచుకోవాలి. కోల్‌కతాలో ఎరికా ఫీల్డ్, రోహిణి పాండే వారం కంతును నెల కంతుగా మార్చి చూశారు. 2008లో వెలువడిన ఆ ఫలితాల్లో ఎగవేత పెరగలేదు. నెల కంతు కట్టే ఆడవాళ్లలో అప్పు గురించిన ఆందోళన సగానికి సగం తగ్గిందని తర్వాతి అధ్యయనం చెప్పింది. మొదటి కంతుకు ముందు రెండు నెలల గడువు ఇచ్చి చూసిన మరో ప్రయోగంలో వ్యాపార లాభాలు పెరిగాయి, ఎగవేత కూడా కొంత పెరిగింది. దాన్ని దాచిపెట్టి వాదించడం నిజాయితీ కాదు. ఆ కొంత భారాన్ని ఎవరు మోయాలన్నదే ప్రశ్న. పంట రుణానికి వడ్డీ రాయితీ రూపంలో ఖజానా ఇప్పటికే మోస్తోంది. పాస్‌బుక్కు లేని తల్లి దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేయడం న్యాయం కాదు. రుణమాఫీ చేస్తే పోలేదా అనేవాళ్లకూ ఇదే జవాబు. 2014 మాఫీ బ్యాంకు కాగితం ఉన్నవాళ్లకు అందింది, చేబదుళ్లతో బతికిన ఇంటికి అందలేదు.

ఆమె చేతిలో ఏమీ లేదని కాదు. నెల జీతగాళ్ల కోసం రాసిన ఖర్చుల పట్టిక ఈ ఇంటికి పనికిరాదు. ఇక్కడ పద్దు ఏడాదికి రాయాలి, అదీ నవంబరు నుంచి అక్టోబరుకు. కాయలు అమ్మిన రోజునే జూన్ ఖర్చును పక్కకు తీసి, చేయి పెట్టలేని చోట, పోస్టాఫీసులోనో పొదుపు సంఘంలోనో వేయాలి. చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో టింబక్టు కలెక్టివ్ తోడుతో నడుస్తున్న మహిళా పొదుపు సహకార సంఘాలు సభ్యుల సొంత పొదుపునే తిరిగి అప్పుగా ఇస్తున్నాయి. వడ్డీ మళ్లీ ఆ ఆడవాళ్లకే చేరుతుంది, గడువు గురించి మాట్లాడుకోవడానికి ఎదురుగా మనిషి ఉంటుంది. 2025 జూన్‌లో బడులు తెరిచే రోజుల్లోనే తల్లికి వందనం కింద పిల్లకు 13,000 చొప్పున ఖాతాలో పడటం వల్ల ఎన్నో ఇళ్లలో ఆ నెల కొత్త అప్పు పుట్టి ఉండదు. ఏ తేదీకి ఇచ్చారన్నది ఎంత ఇచ్చారన్నదానితో సమానంగా పనిచేసిందని నా నమ్మకం.

తేదీ మార్చడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. 2022 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశాల్లోనే ఒక నిబంధన ఉంది. అప్పు తీసుకునేవారి అవసరాన్ని బట్టి కంతుల కాలాన్ని మార్చుకునే వెసులుబాటు కల్పిస్తూ ప్రతి సంస్థ తన బోర్డు చేత విధానం చేయించుకోవాలి. ఈ జిల్లాల్లో ఎన్ని శాఖలు ఆ వెసులుబాటును తమ ఖాతాదారులకు నోరు తెరిచి చెబుతున్నాయో కలెక్టరు అడగవచ్చు. కలెక్టరు అధ్యక్షతన బ్యాంకర్లు మూడు నెలలకోసారి జిల్లా సంప్రదింపుల కమిటీలో కూర్చుంటారు, ఏ పంటకు ఎకరాకు ఎంత రుణమో ఏటా జిల్లా సాంకేతిక కమిటీ తేలుస్తుంది. వచ్చే సమావేశంలో మూడు ప్రశ్నలు పెట్టాలి. మెట్ట మండలాల్లో ఒంటరి మహిళల డ్వాక్రా, మైక్రోఫైనాన్స్ కంతుల్లో పెద్ద భాగాన్ని నవంబరు నుంచి జనవరి మధ్యకు మార్చడానికి ఏ బ్యాంకుకు అభ్యంతరం? కరువు మండలంగా ప్రకటించిన రోజున ఆ కంతులు కూడా ఆగడానికి ఏ కాగితం అడ్డం? భర్త పోయిన ఇంట్లో పాస్‌బుక్కు భార్య పేరుకు మారడానికి ఎన్ని నెలలు పడుతోంది? మొదటి రెండింటికి జవాబు బ్యాంకర్లు చెప్పాలి. మూడో దానికి జవాబు చెప్పాల్సిన తహసీల్దార్లు ఆ కలెక్టరు కిందే పనిచేస్తున్నారు.